తిరిగి పోసిన దుమ్ము

నా చెల్లెలు గుండె ఆపరేషన్‌కు బెంగళూరు బయలుదేరిన పొద్దున, ఆమె ఎక్కిన ఆటో మా వీధి మలుపు తిరగగానే నేను ఇంట్లోకి వచ్చి మిషను చేతికి తీసుకున్నాను. చీపురు కాదు, దుమ్ము పీల్చే మిషను. అక్కడే పొరపాటు జరిగింది.

ఆ మిషను తెప్పించింది ఆమే. నేనుండేది బుక్కరాయసముద్రంలో, కొత్తగా లేచిన ఇళ్ల చివరి వరుసలో. ఎదురుగా అంతా బీడు. ఆషాఢం వచ్చిందంటే గాలి ఆగదు. కిటికీలు బిగించినా సాయంత్రానికి బండల మీద ఎర్రటి పొర కూర్చుంటుంది. మా ఆయన పోయి ఆరేళ్లయింది. పిల్లలు లేరు. మోకాళ్లు వంగమని మొరాయించాక ఇల్లంతా ఊడవడం మానేసి, దేవుడి గది ఒక్కటే గోడ పట్టుకుని ఊడ్చుకునేదాన్ని. ఆపరేషన్‌కు ముందు పది రోజులు నా దగ్గర ఉండిపోదామని వచ్చిన చెల్లెలు అది చూసి ఫోనులో వెతికింది. మూడో రోజుకు పెట్టె ఇంటికి వచ్చింది.

"దీనికి వైరు లేదక్కా. గోడకు తగిలించి చార్జింగు పెట్టు. తీసుకో, నిలబడుకోనే తోసుకుంటా పో. నీళ్ల బిందె కన్నా తేలిక."

"కరెంటు కొడతాదేమోనే."

"ఆ, నిన్నే వెతుక్కుంటా వస్తాది కరెంటు! పట్టుకో ఫస్టు."

దానితో వచ్చిన పుస్తకంలో తెలుగు లేదు. నేను బడికి పోలేదు. చేను పని ముగించుకుని వచ్చి నాయన అరుగు మీద కూర్చోబెట్టి నేర్పిన తెలుగే నా చదువు. ఆ చదువుతోనే దేవుడి పుస్తకాలు చదువుకుంటున్నాను, ఇదీ రాస్తున్నాను. ఇంగ్లీషుది చెల్లెలు చదివి చెప్పింది. మీట నొక్కితే కింద బ్రష్షు తిరుగుతుంది. దుమ్మంతా పైనున్న గాజులాంటి డబ్బాలోకి పోతుంది. మిగిలిన రోజులన్నీ ఇద్దరం వంతులు వేసుకుని తోశాము. ఆమెకు ఆయాసం వస్తే మంచం మీద కూర్చుని, "ఆ మూల వదిలేసినావు చూడు, కండ్లు యాడ పెట్టుకున్నావు?" అని నన్ను అదిలించేది. ఇంట్లో ఒకరు అదిలించడం ఎంత పెద్ద వరమో ఆరేళ్ల తర్వాత తెలిసింది. రోజూ దీపం పెట్టేటప్పుడు నరసింహస్వామికి ఆ మాటే చెప్పుకున్నాను.

ఆసుపత్రిలో తోడు ఒక్కరినే ఉండనిస్తారట. ఆ తోడు ఆమె కూతురు. వచ్చి తీసుకుపోయింది.

లోపలికి వచ్చేసరికి చెల్లెలు పడుకున్న గదిలో ఫ్యాను ఇంకా తిరుగుతూ ఉంది. ఆపాను. ఆపాక ఇల్లంతా ఒక్కసారిగా చప్పుడు లేకుండా అయిపోయింది. అది ఓర్చుకోలేకే మిషను మీట నొక్కాను. ఏదో ఒకటి మోగుతూ ఉంటే చాలనిపించింది. హాలు, వంటిల్లు, చివరికి ఆమె మంచం కింద. అక్కడ బ్రష్షు గుర్రుమని ఆగిపోయింది. తిప్పి చూస్తే ఆమె తల వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి, వాటిలో రెండు వాడిన కనకాంబరాలు. లాగుతూ లాగుతూ ఉంటే నా చెయ్యి ఆగిపోయింది.

మా ఇళ్లలో మనిషి ఊరికి బయలుదేరాక ఇల్లు ఊడవరు. చేరినట్టు కబురు వచ్చేదాకా చీపురు ముట్టరు. మనిషి గడప దాటిన వెంటనే ఇల్లు ఊడ్చేది ఒక్కసారే. మా ఆయనను తీసుకుపోయిన రోజు వెనకాలే మా ఆడపడుచు ఊడ్చిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. చేతిలో చీపురు ఉండి ఉంటే నాకు తప్పకుండా గుర్తొచ్చేది. ఈ మిషనుతో తోయడం కూడా ఊడవడమేనని నాకు తోచనే లేదు.

దేవుడి ముందు కూర్చున్నాను. అప్పుడు మిషను డబ్బా, అందులోని దుమ్ము కనబడ్డాయి. చీపురుతో ఊడ్చింది అయితే ఈపాటికి గాలికి బీడు దాటి పోయేది. ఇక్కడ మాత్రం మొత్తం ఉంది, గింజంత పోలేదు.

డబ్బా ఊడదీసి, చెల్లెలి గదిలో కొంత పోశాను. మిగిలినది హాలులో, వంటింట్లో గుప్పిళ్లతో చల్లాను. ఏ గదిది ఏదో తెలియదు కాబట్టి అంచనాగానే చల్లాను. వెంట్రుకలూ పూలూ మంచం కింద పెట్టాను.

మధ్యాహ్నం పక్కింటి టైలరమ్మ నా రవికలు ఇవ్వడానికి వచ్చింది. బురఖా అంచు ఎత్తిపట్టుకుని గడపలోనే నిలబడిపోయింది.

"ఏమక్కా ఇది! మిషను తెచ్చినంక ఇల్లు ఇంకా పాడైనట్లుండాదే? అది దుమ్ము పీకుతాందా, కక్కుతాందా?"

చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మా ఇంట్లో కూడా అంతేనక్కా. మనిషి పోతానే పరక పట్టుకుంటే మా అత్త చెయ్యి విరిచేది" అని, కాలు దుమ్ములో పడకుండా గోడ వెంబడి నడిచి వచ్చి, రవికలు కుర్చీలో పెట్టి, "నమాజులో మీ చెల్లెలిని తలుసుకుంటాలే" అంది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

చేరినట్టు సాయంత్రం ఫోను వచ్చింది. ఆచారం ప్రకారం ఇక ఊడవచ్చు. నాకు చేతులు రాలేదు. ఆపరేషన్ ఎల్లుండి. మర్నాడు చెల్లెలే ఫోను చేసింది.

"మిషను తోస్తాండావా, మూలకు పెట్టినావా?"

ఆమెకు నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. జరిగింది చెప్పేశాను. ఆమె దగ్గుతూ నవ్వింది.

"మళ్లీ పోసినావా? నీకేమన్నా తిక్కనా అక్కా? లోకంలో ఎవరన్నా కసువు తెచ్చి ఇంట్లో పోసుకుంటారా?"

"పో, నీకేం తెలుసు."

తర్వాత గొంతు తగ్గించి, "అక్కా, అట్లే ఉండనీలే. నేను లేసి చెప్తా. అప్పుడు ఊడ్చు" అంది.

ఆ రెండు రోజులూ ఆ దుమ్ము మీద అడుగు పడకుండా తిరిగాను.

ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున చెల్లెలి కూతురు ఫోను చేసింది. "పెద్దమ్మా, అమ్మ కండ్లు తెరిసింది. మాట సరిగ్గా రాలేదు గానీ నీకు చెప్పమని సైగ చేసింది. ఊడ్చుకోమంట. అంటే ఏంది పెద్దమ్మా?"

నేను ఏడుపు ఆపుకుని, "ఏం లేదులే" అన్నాను. ఆ పిల్ల ఇంకొక సంగతి కూడా చెప్పింది. ఇక మీదట వాళ్లమ్మ బెంగళూరులోనే, ఆసుపత్రికి దగ్గరగా ఉన్న కూతురి ఇంట్లోనే ఉండాలన్నారట డాక్టర్లు. ఇంత దూరం ప్రయాణాలు ఇంక వద్దన్నారట.

మిషను తీసుకుని ఇల్లంతా తోశాను, మంచం కింద కూడా. ఆమె చెప్పింది కాబట్టి. తర్వాత కాళ్లు కడుక్కుని దీపం పెట్టి, ఆమె కళ్లు తెరిపించినందుకు స్వామికి దండం పెట్టుకున్నాను. రెండో సంగతి, ఆమె మళ్లీ నా ఇంటికి రావాలన్నది, నాలుక చివరి దాకా వచ్చింది. అడగలేదు. అంత ఇచ్చిన స్వామిని అదే పూట ఇంకొకటి అడగడానికి నాకు నోరు రాలేదు.