సుగుణ టీచర్ మానేసిన చూర్ణం

తొంభైల మొదట్లో రెజిమెంటల్ బజార్‌లో నాకు చిన్న మెడికల్ షాపు ఉండేది. మా తాతగారి నాటి నాలుగు ఇళ్ళూ పోయి మాకు మిగిలింది ఆ షాపున్న ఒక్క మడిగే. గిరాకీ వెంట పడే అలవాటు మా ఇంట్లో లేదు. నేనూ పడలేదు.

సీతాఫల్‌మండి నుంచి సుగుణ టీచర్‌గారు నెలనెలా మోకాళ్ళ నొప్పి మాత్రలకు వచ్చేవారు. కౌంటర్ మీద మోచెయ్యి ఆనించి, మా అమ్మాయి చదువు గురించి అడిగాకే చీటీ తీసేవారు. ఆ గొంతు ఇంకా చెవిలో ఉంది.

ఒక చలికాలం ఆమె రావడం మానేశారు. రెండు నెలల తర్వాత ఓరోజు షాపు ముందు నుంచి వెళ్తూ ఆగారు.

"మీ మాత్రలకో దండం, ప్రసాదరావుగారూ! మౌలాలి దగ్గర ఒకాయన చూర్ణమిస్తున్నాడు. అంతా ఆకులూ వేర్లేనట. మూడో రోజుకే మెట్లెక్కేశాను. చూడండి, ఎంత ఒళ్ళు చేశానో!"

చూశాను. చేతులు సన్నగానే ఉన్నాయి, ముఖం మాత్రం గుండ్రంగా ఉబ్బింది. స్టెరాయిడ్ కొన్ని వారాలు వాడితే వచ్చే ఈ ఉబ్బును మూన్ ఫేస్ అంటాం. చూర్ణంలో ఏదో కలిపారనిపించింది. కానీ అడిగితే పోయిన గిరాకీ కోసం బాధపడుతున్నాననుకుంటారేమోనని, "సంతోషమండీ" అని ఊరుకున్నాను.

ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసాలు, లెంటు, మొదలైన రెండో వారంలో వాళ్ళబ్బాయి డేవిడ్ గ్లూకోజ్ ప్యాకెట్ కోసం వచ్చాడు.

"అమ్మ లేస్తలేదు అంకుల్. ఒకటే వాంతులు. జెర నిలబడితే కళ్ళు తిరుగుతున్నయంటది. ఉపవాసాలు కదా."

"చూర్ణం వేసుకుంటున్నారా?"

"యాడిది? అందరు లెంటుకు మాంసం విడిచిపెడ్తే మా అమ్మ చూర్ణం విడిచిపెట్టింది. ప్రభువు అంత శ్రమపడితే నేను మోకాళ్ళ నొప్పి పడలేనా అంటది."

స్టెరాయిడ్ బయటి నుంచి అందుతుంటే ఒంట్లో దాని తయారీ తగ్గిపోతుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

"గ్లూకోజ్ కాదు నాయనా, ఆటో పిలువు" అన్నాను.

షట్టర్ దించి, ఆమె ఇంట్లో మిగిలిన చూర్ణం పొట్లం పట్టుకుని వాళ్ళతో ఆసుపత్రికి వెళ్ళాను. నా అనుమానం విన్న డ్యూటీ డాక్టరు బీపీ చూసి, మారుమాట లేకుండా హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. సాయంత్రానికి టీచర్‌గారు లేచి కూర్చుని కాఫీ అడిగారు. తర్వాత ల్యాబ్ పరీక్షలో ఆ చూర్ణంలో స్టెరాయిడ్ ఉన్నట్టు తేలింది. డాక్టర్లు స్టెరాయిడ్‌నే మాత్రల రూపంలో ఇస్తూ, నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించి మాన్పించారు.

కోలుకున్నాక ఆమె షాపుకు వచ్చారు.

"నా ముఖం చూసిన రోజే మీకు అనుమానం వచ్చిందా?"

"వచ్చిందండీ."

"మరి అడగలేదేం?"

హోంవర్క్ చేయని పిల్లాణ్ణి చూసినట్టు చూశారు.

కొన్నేళ్ళకు షాపు ఎత్తేసేదాకా, మా దగ్గర మందు కొన్నా కొనకపోయినా, తెలిసిన మనిషి కనిపిస్తే కౌంటర్ దాటి వెళ్ళి "ఇప్పుడేం వాడుతున్నారు?" అని అడిగేవాణ్ణి. కొందరు విసుక్కునేవారు. అయినా అడిగేవాణ్ణి.