అసలు రంగు

పెన్సిల్వేనియా కొండల్లోని ఆ ఊరి తుపాకుల క్లబ్బుకు నవంబరులో ఒక పండుగ ఉంది. సైనికులను తలచుకునే ఆదివారం నాడు పాత యుద్ధాల పిస్తోళ్ళతో గురి పోటీ పెడతారు. గెలిచినవాడికి పొగబెట్టిన పంది తొడ బహుమతి. ఆ తొడ పద్నాలుగుసార్లు వెర్లిన్ స్టౌఫర్ ఇంటికే వెళ్ళింది. సీసాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు యంత్రాలు బాగుచేసి రిటైరైన మనిషి. మాట తక్కువ, గురి ఎక్కువ.

అతని పిస్తోలు తండ్రిది. మొదటి ప్రపంచ యుద్ధానికి పట్టుకెళ్ళి తిరిగి తెచ్చుకున్నది. ఒక ఏడాది వరద నీళ్ళు ఇంటి నేలమాళిగలోకి వచ్చి దానికి తుప్పు పట్టింది. ఆ తండ్రి దిగులుపడుతూ కూర్చునే రకం కాదు. గరుకు కాగితంతో తోమి, భార్య దోసకాయలు ఊరవేసే పెద్ద గిన్నెలో మందునీళ్ళు పోసి ఉడకబెట్టి, మళ్ళీ తుప్పు పట్టకుండా కొత్తగా నీలం మెరుగు పెట్టాడు. గిన్నె పాడుచేసినందుకు ఆవిడ పదిహేను రోజులు మాట్లాడలేదట. ఆ తోముడుకి పిస్తోలు మీది అక్షరాలు సగం చెరిగిపోయాయి. మిగతాది మాత్రం కొత్త పెళ్ళికొడుకు బూట్లలా తళతళలాడేది.

ఇక మా డాక్టర్ హేన్స్ గారి సంగతి చెప్పాలి. పళ్ళ డాక్టరు, క్లబ్బు అధ్యక్షుడు. ఆయన దగ్గర పాత పిస్తోళ్ళు పదకొండున్నాయి. తెల్లటి నూలు చేతి తొడుగులు వేసుకోనిదే వాటిని ముట్టరు. పదకొండింట్లో ఒక్కదానితోనూ ఒక్క తూటా కాల్చిన పాపాన పోలేదు. ఫ్యాక్టరీలో వేసిన రంగు చెక్కుచెదరకుండా ఉంటేనే పిస్తోలుకు గౌరవం అన్నది ఆయన మతం. గీత పడితే సగం ధర, మెరుగు పెడితే నాలుగో వంతు. వెర్లిన్ పిస్తోలు కనబడినప్పుడల్లా పుచ్చిపోయిన పన్నును చూసినట్టు చూసి నాలుక చప్పరించేవారు.

"మీ నాన్న దాన్ని బాగుచెయ్యలేదయ్యా, చంపేశాడు," అన్నారొకసారి, కాఫీల దగ్గర, పదిమందిలో.

వెర్లిన్ నవ్వి ఊరుకున్నాడు. ఇంటికెళ్ళాక నవ్వలేదు. తండ్రి పోయేముందు ఆ పిస్తోలు అతని చేతిలో పెట్టి, దాన్ని పెట్టెలో పెట్టి తాళం వెయ్యొద్దని, తనతో యుద్ధానికి వెళ్ళి తిరిగి రానివాళ్ళ పేర ఏటా ఆ ఆదివారం కాల్చమని మాట తీసుకున్నాడు. వెర్లిన్ ఒక్క ఏడూ తప్పలేదు.

ఆ ఏడు డాక్టరుగారు కొత్త నిబంధన తెచ్చారు. అసలు రంగున్న పిస్తోళ్ళే పోటీకి రావాలి, మెరుగు పెట్టినవి చరిత్రకు అవమానం అన్నారు. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండన్నారు. క్లబ్బులో సగంమంది పళ్ళు ఆయన కట్టినవే. చేతులు లేచాయి. ఊరడింపుగా వెర్లిన్‌కి పోటీ నడిపించే పెద్దరికం ఇచ్చారు. అంటే నింపుకోండి, కాల్చండి, ఆపండి అని కేకలు వేసే పని. మెడ దాకా ఎర్రబడ్డా, అతను సరేనన్నాడు.

ఆదివారం వచ్చింది. కాల్చే గీత దగ్గర డాక్టరుగారితో కలిపి ఆరుగురు నిలబడ్డారు. మెత్తటి గుడ్డలు విప్పి, ఒకరి పిస్తోలు ఒకరు చూసుకుని మురిసిపోయారు. వెర్లిన్ నింపుకోమన్నాడు. తూటా ఎక్కితే లోపల గీత పడుతుందని ఒకాయనకు అప్పుడు గుర్తొచ్చింది. కాల్చమన్నాడు. ఎవరూ కాల్చలేదు. ఒకడు మబ్బులు చూశాడు. ఇంకొకడు భుజం నొప్పన్నాడు. పక్కవాడు ముందు కాలిస్తే బాగుండునని అందరూ అందరి వంకా చూశారు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. డాక్టరుగారికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాలిస్తే పిస్తోలు విలువ పోతుంది, కాల్చకపోతే పరువు పోతుంది. కాసేపు తూచి చూసి, పరువే చవకని తేల్చుకుని, పిస్తోలును మళ్ళీ గుడ్డలో చుట్టేశారు.

నిబంధన ప్రకారం వెర్లిన్ మూడుసార్లు కేక వేశాడు. ఆరు పేర్ల ఎదురుగా ఆరు సున్నాలు వేసి, పోటీ అయిపోయిందని చెప్పాడు. అందరూ వెనక్కి జరిగాక తండ్రి పిస్తోలు తీసుకుని ఒక్కడే గీత దగ్గరికి వెళ్ళాడు. ఏడు తూటాలు కాల్చాడు. ఏడూ నల్ల చుక్కలోనే, అరచేయి కప్పేంత చోటులో దిగాయి. వాటిలో ఒక్కటీ లెక్కలోకి రాదు. అతనికి ఏడుపొచ్చింది. చలికి కారుతోందన్నట్టు ముక్కు తుడుచుకున్నాడు.

డాక్టరుగారు దగ్గరికొచ్చి గురి కాగితాన్నీ పిస్తోలునూ మార్చి మార్చి చూశారు. ఆ గొంతులోని బాధ మాత్రం నిజమైనదే.

"బంగారంలాంటి పిస్తోలయ్యా వెర్లిన్. మీ నాన్న ఆ రంగు ముట్టుకోకుండా ఉంటే ఇవాళ దీని విలువెంతో తెలుసా?"

"తెలుసు డాక్టరుగారూ," అన్నాడు వెర్లిన్. "అంత విలువే ఉంటే నేనూ కాల్చకుండా మా నాన్నకిచ్చిన మాట తప్పేవాణ్ణి. ఏడో సున్నా నాదయ్యేది."