గడ్డి మిషన్ కడుపులో గడియారం

ఉప్పుగూడలో మా అన్నకు ఎనిమిది బర్రెలున్నాయి. వాటికి మేత కొని కొని విసిగిపోయి ఓ పాత బేలర్ తెచ్చాడు. కోత మిషన్ పొలంలో వదిలేసిన వరిగడ్డిని అది మింగుతుంది, లోపల గట్టిగా కుక్కి, సుతిలి తాడు చుట్టి, పెట్టెల్లాంటి కట్టలు చేసి వెనకనుంచి దించుతుంది. వదిన దాన్ని తొమ్మిదో బర్రె అనేది. పాలివ్వని బర్రె అని కూడా అనేది.

యాసంగి కోతలయ్యాక మిషన్ ఇంటికొచ్చింది. వానలు పడేలోపు దాన్ని శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, కప్పి ఉంచాలి. ముందటేడు అన్న ఆ పని ఎగ్గొడితే ఎలుకలు లోపల సంసారం పెట్టి పిల్లల్ని కన్నాయి. ఈసారి అన్నకు నడుము పట్టేసింది. పని తెలిసిన డ్రైవర్ భాయ్‌ని అన్నే వారం కింద వెళ్లగొట్టాడు. పెళ్లిలో వదిన తండ్రి అన్నకు పెట్టిన చేతి గడియారం పొలం దగ్గర పోయింది. మిషన్‌ను లాగే ట్రాక్టర్ మీద ఉన్నది భాయ్ ఒక్కడే కాబట్టి దొంగ అతనే అని అన్న తీర్పిచ్చాడు. ఆ తీర్పు రైల్వే స్టేషన్ పక్క చాయ్ హోటల్లో పదిమంది ముందు చదివి వినిపించాడు కూడా. భాయ్ సగం తాగిన కప్పు కింద పెట్టి లేచి వెళ్లిపోయాడట.

అలా పని నా మెడకు చుట్టుకుంది. నేను ఆఫీసులో గుమాస్తాను. అప్పటిదాకా నేను విప్పిన అతి పెద్ద యంత్రం స్టేప్లర్. ఆదివారం పొద్దున బర్రెల్ని కడిగే పైపు తీసుకుని మిషన్‌కు కూడా శుభ్రంగా స్నానం చేయించాను. లోపలి పొట్టంతా నానిన అటుకుల్లా ఉబ్బి ఎక్కడికక్కడ బిగుసుకుంది. మధ్యాహ్నందాకా ఇనుప కొక్కెంతో పీకుతూనే ఉన్నాను. చెవుల్లో, బనీనులో, చెప్పుకోలేని చోట్ల కూడా పొట్టు. వదిన పీట వేసుకుని కూర్చుని, ఎడమవైపు ఇంకా ఉందని చెబుతూ ఎంతో సాయం చేసింది.

చివరికి మిషన్ కడుపులో సగం కట్టిన కట్ట ఒకటి మిగిలింది. బిగింపు మరలు వదులు చేసి లాగితే ముక్కలై ఊడివచ్చింది. అందులోంచి గడియారం జారి నా కాళ్ల దగ్గర పడింది. అద్దం పొడి అయిపోయింది, బెల్టు తెగిపోయింది. వదిన చూసేలోపే అన్నకు చూపిద్దామని గబగబా లోపలికి తీసుకెళ్లాను. మంచం మీద బోర్లా పడుకున్న అన్న దాన్ని చాలాసేపు చూశాడు.

"ఎవ్వరికి చెప్పకు. బర్రెల పేడల పారెయ్" అన్నాడు.

వదిన అప్పటికే గుమ్మంలో ఉంది. అది మిషన్లోకి ఎలా పోయిందని అడిగింది. అన్న కాసేపు నడుము నొప్పిని అడ్డం పెట్టుకుని మూలిగాడు. తర్వాత ఒప్పుకున్నాడు. గడ్డి ఇరుక్కుంటే, ఇంజన్ ఆపకుండానే చెయ్యి పెట్టి లాగాడట. గడియారం బెల్టు అప్పుడే తెగి ఉంటుంది, చూసుకోలేదట. ఆ పని చేయొద్దని భాయ్ రోజూ మొత్తుకునేవాడట.

వదిన మంచం పక్కన కూర్చుని అన్న కుడిచెయ్యి లాక్కుని, వేళ్లు ఒక్కొక్కటే పట్టి చూసింది. ఐదూ ఉన్నాయి. తర్వాత కళ్లు తుడుచుకుని అన్నది:

"గడియారం దొరికింది. ఇగ ఆ మనిషి ఇంటికి పోదురు గని, లేవుండ్రి."

నా స్కూటర్ వెనక సీటు మీద దిండు వేసి అన్నను కూర్చోబెట్టాను. ప్రతి గుంతకీ మున్సిపాలిటీని, నన్ను, మా నాయనను వరుసగా తిట్టాడు. భాయ్ ఇల్లు పట్టాల అవతలే. తలుపు తీసి, వంగిపోయి నిలబడ్డ అన్నను చూసి ముందు కుర్చీ వేశాడు. అన్న గడియారం చూపించి, తప్పయిందని నసిగాడు. భాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మాఫీ ఇంటికొచ్చి అడిగినవ్, అచ్ఛా. దొంగ అన్నది మాత్రం హోటల్ కాడ గదా సేఠ్. గాడ్నే చెప్పు."

మళ్లీ స్కూటర్, మళ్లీ దిండు. ఈసారి భాయ్ మా వెనక నడిచి వచ్చాడు. హోటల్లో అన్న బల్ల పట్టుకుని నిలబడి, దొంగ ఎవరూ లేరని, మిషన్లో చెయ్యి పెట్టిన గాడిద తానేనని చెప్పాడు. వెనక బల్ల మీది ముసలాయనకు వినబడలేదట, మళ్లీ చెప్పమన్నాడు. అన్న మళ్లీ చెప్పాడు, ఈసారి గట్టిగా. భాయ్ తలొంచుకుని చాయ్ మొత్తం తాగాడు.

మర్నాడు మిషన్ చూడటానికి వచ్చాడు. ట్రాక్టర్ ఎక్కకముందు అతను లాల్‌దర్వాజాలో కుట్టు మిషన్లు బాగుచేసేవాడు. సుతిలికి ముడి వేసే భాగం కూడా కుట్టు మిషన్ లాంటిదేనని, దానికి పెద్ద సూదులున్నాయని, కుట్టు మిషన్‌కు ఎవరైనా నీళ్లు కొడతారా అని నన్ను అడిగాడు. నేను పైపును కాలితో బర్రెల వైపు తోశాను. రెండు రోజులు ఎండబెట్టించాడు. సూదులు గుడ్డతో తుడిచి నూనె రాశాడు, ఇరుసులకు చుట్టుకున్న పాత సుతిలిని బ్లేడుతో కోసి తీశాడు, చక్రాలు నేలకు ఆనకుండా కింద మొద్దులు పెట్టించాడు. కవరు కట్టేటప్పుడు అన్న మంచంలోంచే సలహా ఇవ్వబోతే వదిన కిటికీ మూసేసింది.

వచ్చే కోతలకు వస్తానని, కాకపోతే మిషన్ నడుస్తున్నంతసేపు సేఠ్ గట్టు మీదే కూర్చోవాలని భాయ్ షరతు పెట్టాడు. అన్న ఒప్పుకున్నాడు. ఒప్పుకోక చస్తాడా, వదిన పక్కనే నిలబడి ఉంది.