కత్తిరించిన పేరా

అమెరికాలో, అల్ఫారెట్టాలో మా అమ్మాయి ఇంటికి మూడిళ్ల అవతల ఒక జర్మన్ ఆవిడ ఉండేవారు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. ఒక శనివారం ఉదయం వాకింగ్ నుంచి వస్తుంటే ఆవిడ గరాజ్ ముందు అమ్మకానికి పెట్టిన సామాను కనిపించి ఆగాను. ఒక అట్టపెట్టె నిండా జర్మన్‌లోకి అనువదించిన పాత ఇంగ్లీషు డిటెక్టివ్ నవలలు. జేబులో పట్టే సైజు, వెలిసిపోయిన అట్టలు.

నాకు జర్మన్ నేర్పినవి అలాంటి పుస్తకాలే. హైదరాబాద్‌లో నేను పనిచేసిన యంత్రాల ఫ్యాక్టరీ వాళ్లు శిక్షణకని పద్నాలుగు నెలలు జర్మనీ పంపినప్పుడు, రైల్వేస్టేషన్ దుకాణంలో వీటినే కొనేవాణ్ని. చాలావరకు ఇంగ్లీషులో చదివిన కథలే కాబట్టి తెలియని మాటలకు భయపడే పని లేదు. రోజుకు పది కొత్త మాటలు డైరీలో ఎక్కించేవాణ్ని. ఆ డైరీలు ఇప్పటికీ ఉన్నాయి.

పెట్టెలోంచి ఒక నవల తీసి జర్మన్‌లోనే ధర అడిగాను. ఆవిడ చేత్తో అట్ట తడిమి చూసి, అది అమ్మకానికి కాదన్నారు. ఆ అనువాదం తనదేనట. చూపు మందగించడంతో సామాను కొడుకు సర్దాడనీ, పొరపాటున పెట్టెలో పడిందనీ చెప్పారు. నెలాఖరుకు దూరాన అరిజోనాలో, చాండ్లర్‌లో ఉన్న ఆ కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారు.

ఆ తర్వాత వారానికి రెండు రోజులు పది గంటలకు వాళ్లింట్లో కాఫీ. ఆ రోజుల్లో అనువాదం పని ఎలా జరిగేదో ఆవిడ చెప్పేవారు. పుస్తకానికి ఆరు వారాల గడువు. నూట అరవై పేజీలు దాటితే ప్రచురణకర్త ఒప్పుకోడు. అసలు నవల ఎంత పెద్దదైనా అందులోకి ఇమడాల్సిందే. ఏం తీసెయ్యాలో తేల్చుకోవలసింది అనువాదకురాలే. ముందు నవలంతా చదివి, హంతకుణ్ని పట్టించే వాక్యాల కింద ఎర్ర పెన్సిల్‌తో గీసేవారట. వాటిని ముట్టుకోకూడదు. వాతావరణం, టీ, కుక్కలు, తోటలు మాత్రం కత్తిరించవచ్చు. నేను జీవితమంతా యంత్రాల డ్రాయింగులు సరిచూసినవాణ్ని. ఏ బోల్టు తీసేస్తే యంత్రం ఆగిపోతుందో ముందే తెలుసుకుని పనిచేసే మనిషి అంటే నాకు గౌరవం. ఇరవై ఆరేళ్ల వయసులో, వంటింటి బల్ల మీద టైప్‌రైటర్ పెట్టుకుని, ఆవిడ ఆ పని చేశారు.

మూడో కాఫీ నాడు అసలు సంగతి బయటపెట్టారు. నేను పెట్టెలోంచి తీసిన ఆ నవల అచ్చయ్యాక ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. హంతకుడెవరో చివర్లో చెప్పారు గానీ, అతణ్ని అనుమానించడానికి పుస్తకంలో ఒక్క ఆధారమూ లేదు, ఇది మోసం అని. ఇంగ్లీషు ప్రతి అప్పటికే ప్రచురణకర్తకు తిరిగి ఇచ్చేశారు కాబట్టి ఆధారాన్ని తనే కత్తిరించేశారేమో సరిచూసుకునే వీలు ఆవిడకు లేకపోయింది. తర్వాత వీలున్నా ధైర్యం చాలలేదు. మళ్లీ డిటెక్టివ్ నవల ఒప్పుకోలేదు.

"నేను వెళ్లేలోపు చూసి చెప్పండి. తప్పు నాదే అయితే అలాగే చెప్పండి" అన్నారు. జర్మన్‌లో ఆవిడ నన్ను 'మీరు' అనే పిలిచేవారు, చివరిదాకా.

ఇంగ్లీషు ప్రతి కోసం మా అమ్మాయి లైబ్రరీలో అడిగింది.

"నాన్నా, రిక్వెస్ట్ పెట్టాను. వేరే ఊరి నుంచి తెప్పిస్తారట, టెన్ డేస్ పడుతుంది. సరేగానీ, ఆవిడదే మిస్టేక్ అని తేలితే ఏం చేస్తారు?"

"చెప్తాను. చెప్పమనే కదా అడిగింది."

"అదే నా భయం. మీరు పేజీ నంబర్‌తో సహా చెప్తారు."

ఆ పది రోజుల్లో ఆవిడ దగ్గర తీసుకున్న జర్మన్ నవల చదివాను. అధ్యాయానికో పేజీ చొప్పున ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో రాసుకుని, ముగింపుకు ముందు ఆగి, హంతకుడు చనిపోయినాయన మేనల్లుడని డైరీలో తేల్చాను. చివరికి ఆ ఇంటి డాక్టరని తేలింది. పాఠకుడు అన్నది నిజమేనేమోనని దిగులేసింది.

ఇంగ్లీషు ప్రతి వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టుకుని లైను లైనుగా చూశాను. హత్య జరిగిన ఇంటికి వానలో గొడుగేసుకుని అప్పుడే నడిచొచ్చానని డాక్టర్ అంటాడు. నాలుగో అధ్యాయంలో, హాలును వర్ణించే పొడుగాటి పేరాలో, స్టాండులో ఉన్న అతని గొడుగు పొడిగా ఉందని ఒక మాట ఉంది. అంటే వానకు ముందే అతను ఇంట్లో ఉన్నాడు. జర్మన్‌లో ఆ పేరా మొత్తం లేదు. ఆ సాయంత్రం రెండు పుస్తకాలూ మూసేశాను.

పని సగంలో ఆపడం అలవాటు లేదు కాబట్టి మర్నాడు కొనసాగించాను. ఆరో అధ్యాయంలో పోలీసుల ముందు పనిమనిషి తన చాకిరీ గురించి ఏకరువు పెడుతుంది. జర్మన్‌లో అక్కడ ఇంగ్లీషులో లేని వాక్యం ఒకటి కనిపించింది: ఇంత వానలోనూ డాక్టరుగారి గొడుగు కింద నేల మాత్రం తుడవాల్సిన అవసరం రాలేదు, అదొక్కటే ఆ పూట తనకు కలిగిన సుఖం అని. పేజీలు చాలక ఆవిడ ఆ పేరా తీసేసి, అందులోని ప్రాణాన్ని తెచ్చి ఈ సణుగుడులో పెట్టారు. అంత చిన్న చోట, అంత సహజంగా. రెండుసార్లు చదివి, ఒంటరిగా కూర్చుని తల ఊపాను.

వెళ్లి అంతా వరసగా చెప్పాను. నాలుగో అధ్యాయంలో తీసేశారనగానే ఆవిడ చేతిలో కప్పు కిందపెట్టారు. ఆరో అధ్యాయం వాక్యం చదివి వినిపిస్తే, సగంలోనే అందుకుని మిగతా సగం తనే అప్పజెప్పారు. ఇన్నేళ్లూ గుర్తురాని వాక్యం.

ఒకటి దాచలేకపోయాను. "ఆ పాఠకుడిలాగే నేను కూడా దీన్ని గమనించకుండా దాటేశాను. నోట్సు రాసుకుంటూ చదివి కూడా."

ఆవిడ పుస్తకం నా చేతిలోంచి తీసుకున్నారు. "అయితే బాగానే దాచాను" అన్నారు. తర్వాత, "మీరు ఎవరిని అనుమానించారు?"

"మేనల్లుణ్ని."

"మంచిది" అన్నారు నవ్వుతూ. "అందరూ అతణ్నే అనుమానించాలని అతనున్న పేజీల్లో ఒక్క టీ కూడా కత్తిరించలేదు."