రెండు ఫిల్టర్ల నడుమ అంగారకుడు

2003. అంగారకుడు భూమికి బాగా దగ్గరికొచ్చిన ఏడాది. ఆబిడ్స్‌ల ఒక మెట్ల కింద నా కెమెరా రిపేరు దుకాణం. తల వంచితేనే లోపలికి దారి, అందుకని వచ్చినోళ్ళందరూ నాకు దండం పెట్టినట్టే ఉండేది. ఎనిమిదో తరగతితో బడికి సలాం కొట్టినోనికి అంతకన్న మర్యాద ఎక్కడ దొరుకుతది?

ఒక మధ్యాహ్నం సలోమి టీచర్ వంగకుండ వచ్చి మెట్టుకు తల తగిలించుకుంది. మిషన్ స్కూల్ల సైన్స్ చెప్తది. సంచిల నుంచి ఒక వెబ్‌క్యామ్, ఒక నల్లటి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది.

"మల్లేశన్నా, ఇది టెలిస్కోప్‌కు పెట్టే కలర్ కెమెరా. ఈ బిళ్ళ ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురునే లోపలికి పోనిస్తది. గాలి కదిలినా అది తక్కువ వణుకుతది, గ్రహం మీది మచ్చలు తేటగ వస్తయి. కానీ బిళ్ళ పెడితే తెరంతా చీకటే."

"కెమెరా ఎక్కడ కొన్నరు?"

"నాంపల్లి స్టేషన్ రోడ్డుల. లోపలి ఫిల్టర్ తీసే ఇచ్చిన అన్నడు ఆ దుకాణపాయన. ఎన్నిసార్లు పోయి అడిగినా 'కెమెరా మంచిగుంది మేడం, మీకే చూసుడు రాదు' అంటడు. నాకే రాదేమో, అన్నా. ఈ నెల అంగారకుని ఫోటో చూపకుంటే టెలిస్కోప్‌ను స్టోర్ రూంల పెట్టి తాళమేస్తనన్నది మా హెడ్‌మిస్ట్రెస్."

'నాకే రాదేమో' అన్న కాడ నాకు ఒళ్ళు మండింది.

మామూలు కలర్ కెమెరాల సెన్సర్ ముందట చిన్న నీలి గాజుముక్క ఉంటది. ఐఆర్ కట్ అంటం. రంగులు చెడకుండ ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపుతది. నల్ల బిళ్ళేమో ఇన్‌ఫ్రారెడ్‌ను తప్ప ఎవర్నీ రానియ్యదు. ఇద్దరు చౌకీదార్లు చెరో మాట పట్టుకొని పెండ్లికి ఒక్క చుట్టాన్ని గూడ పోనియ్యనట్టు.

పక్క హోటల్ల టీవీ రిమోట్ అడుక్కొని, షట్టర్ దించి, టీచరమ్మతోని నాంపల్లికి నడిచిన. రిమోట్ మూతిల నుంచి వచ్చేది ఇన్‌ఫ్రారెడే.

ఆ దుకాణంల కాపలాకు పెట్టిన బ్లాక్ అండ్ వైట్ కెమెరా ఉంది. దాంట్ల నీలి గాజు ఉండదు. దాని ముందట నల్ల బిళ్ళ పట్టి రిమోట్ నొక్కిన. తెర మీద తెల్లటి చుక్క మెరిసింది. వెబ్‌క్యామ్‌ను వాని కంప్యూటర్‌కు తగిలించి, అదే బిళ్ళ దానికి పెట్టి నొక్కిన. చీకటి.

"సేట్, గాజు తీసిన్నంటివి?"

"అది రిమోట్ భాయ్, చంద్రుడు కాదు."

"అంగారకుడు! తీసినవా, లేదా?"

వాడు నవ్విండు. "తెరిచి చూసేదెవరు భాయ్? జర చుప్ ఉండు, కొత్తది ఇస్త."

నా చెయ్యి లేచేదే. టీచరమ్మ ముందటికి వచ్చింది.

"కొత్తది వద్దు. నాకు చూసుడు వస్తదని చెప్పండి."

వాడు గల్లా దిక్కు చూసుకుంట గొణిగిండు. "వస్తది మేడం."

"గట్టిగ!" అని నేనొర్రితే రోడ్డు మీది ఆటోవాలా తిరిగి చూసిండు.

"వస్తది మేడం!"

గాజు నా బల్ల మీదనే ఊడదీసిన. కొన్నాళ్ళకు టీచరమ్మ ఫోటో తెచ్చింది. బూడిద రంగు బంతి, దాని మీద నల్లటి మచ్చలు. ఇన్‌ఫ్రారెడ్‌ల రంగులుండవు. అంగారకుడు ఎర్రగ లేడేందని హెడ్‌మిస్ట్రెస్ అడిగిందట. పిల్లలే ఎగబడి జవాబు చెప్పిన్రట. తాళం పడలేదు.

చెడిపోయిన కెమెరాను నేను బాగుచెయ్యగలుగుత. మంచిగున్న కండ్ల మీద అనుమానం పుట్టించేటోని మీద మాత్రం కోపం ఇంకా చల్లారలే. ఇప్పుడు నా దుకాణంల టీవీ లేదు గని, కెమెరాలను పరీక్షించనీకి సొంత రిమోట్ ఉంది. 'కనిపిస్తలేదు' అని ఎవరొచ్చినా ముందుగాల కెమెరానే అనుమానిస్త, మనిషిని కాదు.