చెవిలో పూస

మా ఆయన సాయంత్రం షిఫ్టుకు పోయిన ఆదివారాలు అక్కా బావా, హిందీ ప్రాంతపు ఉక్కు టౌన్‌షిప్‌లో ఉన్న మా క్వార్టర్‌కి వచ్చేవారు. ముగ్గురం కూర్చుని, హిందీలోకి మార్చిన ఒక విదేశీ సీరియల్ చూసేవాళ్ళం. రాబోయే కాలపు నగరం కథ అది. అందరి చెవిలోనూ ఒక పూస ఉంటుంది. ఎదుటివాళ్ళెవరో, ఇంటికి దారేదో అదే చెబుతుంది. కథానాయికకి పూస తీస్తే ఏదీ గుర్తుండదు. ఆ సంగతి మొగుడి దగ్గర దాస్తుంది.

నా చదువు పదో తరగతితో ఆగింది. మిగిలినదంతా సెక్టార్ లైబ్రరీలో, తెలుగు బీరువా పూర్తయ్యాక హిందీ బీరువాలో నేర్చుకున్నాను. అందుకే భాగం అయిన వెంటనే అర్థం విడమరిచేదాన్ని.

"యంత్రం ఊతకర్రలా వచ్చి కాళ్ళే తీసేస్తుంది బావా. పూస పారేస్తేనే విముక్తి."

"లైబ్రరీ ఫ్యాను కింద నీకు మా గొప్ప జ్ఞానమొచ్చీసింది మరదలా" అని బావ నవ్వేవాడు. ఆయన ప్లాంటులో క్రేన్ నడుపుతాడు. కరిగిన ఉక్కును మోసే క్రేన్.

ఒకరోజు బావ ఫోను ఛార్జింగ్ అయిపోయింది. మా ఇంట్లో ప్లగ్గుకి పెట్టాడు. నీళ్ళొచ్చే వేళయింది, ముందెళ్ళి తమ ఇంట్లో కుళాయి తిప్పమంది అక్క. బావ ఫోను వైపు చూశాడు.

"రెండు లైన్ల అవతలే కదా, దానికి ఫోనేటి?" అంది అక్క. ఆయన వెళ్ళాడు.

కాసేపటికి మేం వెళ్తే అక్కావాళ్ళ ఇంటికి తాళమే ఉంది. వెతికితే, బావ వెనక లైన్లో ఎవరింటి సోఫాలోనో కూర్చుని ఉన్నాడు. "దీదీ, భయ్యా సీధా అందర్ ఆకే పానీ మాంగే!" అని ఆ ఇంటావిడ పడీపడీ నవ్వుతోంది. నేరుగా లోపలికొచ్చి మంచినీళ్ళడిగాడట.

టౌన్‌షిప్‌లో ఇదొక పాత నవ్వులాట. క్వార్టర్లన్నీ ఒకే అచ్చు కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు పక్కింట్లో దూరతారు. వాళ్ళకి టీ ఇచ్చి పంపడం ఆనవాయితీ. బావకీ ఇచ్చారు. "రిటైరయ్యే ముందు కొత్తగా ఉద్యోగంలో చేరారు" అని అక్క నవ్వింది. బావా నవ్వాడు. లేచాక మాత్రం అక్క ముందు నడిచేదాకా గుమ్మంలోనే ఆగాడు.

మర్నాడు ఫోను ఇవ్వడానికి వెళ్ళాను. బావ డ్యూటీకి పోకుండా గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. అక్క లోపల వంట చేస్తోంది.

"ఇది దారి చెప్తేనే ఎల్తన్నాను మరదలా. చాన్నాళ్ళయింది."

"అక్కకి తెలుసా?"

"చెప్పీకు. ఆస్పత్రికి లాక్కెల్తాది. ఆళ్ళు క్రేన్ మీంచి దించీస్తారు. అక్కడ నానేటీ మర్చిపోడం నేదు, ఒట్టు."

నిజమేనేమో. క్రేన్ పని చేతులకే గుర్తుంటుందేమో. కానీ గుర్తుండని రోజు వస్తే, ఆ ఉక్కు కింద మనుషులుంటారు. లైబ్రరీకి వెళ్ళి మెదడు గురించీ యంత్రాల గురించీ దొరికినవన్నీ తిరగేశాను. అక్కకి చెప్పాలో వద్దో ఎందులోనూ లేదు. పూస పారేయమన్నది నేనే. పూసలాంటి ఆ ఫోను ఉంటేనే ఆయన ఇల్లు చేరుతున్నాడు. ఏది ఊతకర్రో, ఏది కాలో నాకే తెలియకుండా పోయింది.

తరవాతి ఆదివారం సీరియల్లో ఆ అమ్మాయి మొగుడితో చెప్పబోయి ఆగిపోయింది.

"మొగుడే కదా, చెప్పీడానికేటే దీనికి?" అంది అక్క. "నీ పుస్తకాల్లో ఏటుందో చెప్పు."

బావ నా వైపు చూశాడు.

"నాకు తెలీదక్కా."

అక్క ఆశ్చర్యంగా నన్ను చూసింది, తరవాత బావని చూసింది. బావ రిమోట్ తీసుకుని టీవీ ఆపేశాడు.

"రేపు ఆస్పత్రికెల్దాం" అన్నాడు.

"ఎవరికేటయింది?"

ఆయన జేబులోంచి ఫోను తీసి అక్క చేతిలో పెట్టాడు. నేను లేచి వంటింట్లోకి పోవాలో, ఉండాలో తెలియలేదు. ఉండిపోయాను.