గుమ్మంలో గడ్డిచేమంతి

పెద్దమ్మకి ఉన్నది ఒకే ఒక్క గుణం, కుళ్ళు. దాన్ని దాచుకునే రకమూ కాదు. ఎదుటివాళ్ళ దగ్గర ఏం కనిపించినా నడుం మీద చెయ్యి వేసుకుని "నాకెందుకు లేదూ అది?" అని వీధంతా వినిపించేలా నిలదీసేది. వీధిలో అందరూ ఆవిడని 'నాకులేదు పెద్దమ్మ' అనేవారు.

కొత్త గొడుగు చూసి కుళ్ళుకోవడం ఎవరైనా చేస్తారు. పెద్దమ్మ స్థాయి వేరు. పక్కింటి పోస్ట్‌మాన్‌కి జ్వరం నూట మూడు దాటిందంటే పలకరించడానికి వెళ్ళి, "నాకు జన్మలో నూట ఒకటి దాటలేదు. దేనికైనా పెట్టి పుట్టాలి" అని నిట్టూర్చింది. అంతవరకూ మూలుగుతున్న పోస్ట్‌మాన్ లేచి కూర్చుని, ఆ జ్వరం ఎలా మొదలై ఎలా ఎక్కిందో గంటసేపు గర్వంగా చెప్పాడు. పళ్ళన్నీ ఊడిన తాతగారితో "తోముకునే పని తప్పింది, మీదే అదృష్టం" అంది. ఆయన ఆ రోజంతా బోసినోటితో నవ్వుతూనే ఉన్నాడు.

ఎదురింట్లో ఉండే తోడికోడలు చిన్నావిడకి మాత్రం ఈ కుళ్ళు గిట్టలేదు. చిన్నావిడ ఆమధ్యే వీధిగదిలో మిషను పెట్టి, గుమ్మం పైన బోర్డు కట్టి, కుట్టు షాపు తెరిచింది. కుట్టిన మొదటి చొక్కాకి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి వచ్చాయి. కుట్టించుకున్న మనిషి మొహం చిట్లించి వదిలేసి పోయాడు. పెద్దమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"రెండు చేతులూ రెండు రకాలు. ఇలాంటిది నాకెందుకు లేదూ?"

"వెక్కిరిస్తున్నావా అక్కయ్యా?"

"వెక్కిరింత కాదే, కుళ్ళు" అని దాన్ని తొడుక్కుని మరీ వెళ్ళింది. వారం రోజులు వీధిలో అలాగే తిరిగింది.

మూడు నెలలకి షాపులో మిషను చప్పుడు కన్నా ఈగల చప్పుడు ఎక్కువైంది. పెద్దమ్మ కళ్ళు పడ్డాకే ఇలా తగలడిందని చిన్నావిడ కుమిలిపోయింది. నెలాఖరు శనివారం బోర్డు దింపేసి, మిషను అటకెక్కించాలని తీర్మానించుకుంది.

సరిగ్గా అప్పుడే గుమ్మం మెట్టు బీటలోంచి గడ్డిచేమంతి మొలిచింది. బీళ్ళలో జనం తొక్కుకుంటూ పోయే మొక్క. గరుకాకులు, పొడుగు కాడ, దాని కొసన చొక్కా గుండీ అంత పువ్వు, మధ్యలో పసుపు, చుట్టూ నాలుగైదు తెల్ల రేకులు. చిన్నావిడ చిరాగ్గా పీకబోయింది.

"ఆగవే" అంది పెద్దమ్మ, రోడ్డు అవతల్నించే. వచ్చి మెట్టు ముందు చతికిలబడింది. "రాయి చీల్చుకుని నీ గుమ్మంలో పూసింది. నాకెందుకు పుయ్యదూ?" ఆవిడ కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

చిన్నావిడకి పంతం పట్టుకుంది. ఈవిడ ఇంత ఏడుస్తోందంటే దీన్ని చచ్చినా పీకను అనుకుంది. రోజూ నీళ్ళు పోసింది. పెద్దమ్మ రోజూ వచ్చి, "నిన్న రెండు, ఇవాళ మూడు. అన్నీ నీకే" అని ఉడుక్కుని పోయేది. మొక్కకి కాపలాగా గుమ్మంలో కూర్చున్న చిన్నావిడ, చేతులు ఊరుకోక, మిగిలిన ముక్కలతో చొక్కా చేతులు కుట్టింది, విప్పింది, మళ్ళీ కుట్టింది. ఐదో రోజుకి రెండూ సమానంగా వచ్చాయి. వస్తే మాత్రం ఎవరికి కావాలి, శనివారం రానే వచ్చింది.

స్టూలెక్కి బోర్డుకి ఒక పక్క తాడు కోసి, రెండోది కోస్తుంటే కత్తెర జారి వేలు తెగింది. గడ్డిచేమంతి ఆకు నలిపి పెడితే రక్తం కడుతుందని చిన్నప్పట్నుంచీ విన్నదే. కానీ ఉన్నది ఒక్క మొక్క, తుంచడానికి మనసొప్పలేదు. గుడ్డపీలిక అడుగుదామని వేలు నోట్లో పెట్టుకుని పెద్దమ్మ ఇంటికి పరిగెత్తింది. ఇంట్లో ఎవరూ పలకలేదు. పెరటి తలుపు తోసి, అక్కడే ఆగిపోయింది.

గోడ నుంచి గోడ దాకా గడ్డిచేమంతే. కాలు పెట్టే చోటు లేదు. ఆ పూల మధ్య నిలబడి పెద్దమ్మ, ఒక చెయ్యి పొడుగూ ఒక చెయ్యి పొట్టీ ఉన్న చొక్కా ఉతికి ఆరేస్తోంది.

"ఏంటక్కయ్యా ఇదంతా?"

పెద్దమ్మ దొంగలా తడబడింది. "గడ్డి. పీకేవాళ్ళు లేక పెరిగింది."

"మరి నా ఒక్క మొక్కని చూసి అంత ఏడ్చావేం?"

"నీ గుమ్మంలోది పువ్వు. నా పెరట్లోది గడ్డి" అని ఆవిడ మొహం అటు తిప్పేసుకుంది.

చిన్నావిడకి పోస్ట్‌మాన్ జ్వరం గుర్తొచ్చింది. తాతగారి నవ్వు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఈవిడనా నేను తిట్టుకున్నది అని సిగ్గేసింది. అక్కయ్యకి ఏమివ్వాలో తోచక, చివరికి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఇంత పెరడు. ఇన్ని పూలు. నాకెందుకు లేదూ?"

పెద్దమ్మని చూసి ఒకరు కుళ్ళుకోవడం అదే మొదలు. ఆవిడ మొహం వెలిగిపోయింది. గబగబా నాలుగాకులు కోసి, నలిపి, తెగిన వేలికి అద్దింది.

"బోర్డు ఒక పక్కకి వేలాడుతోందేమే?" అంది, తెరిచి ఉన్న తలుపుల్లోంచి ఎదురింటి గుమ్మం కేసి చూసి.

"తాడు పాతబడింది. కొత్తది కడదామని."

పెద్దమ్మ తలూపి, వేలిని వెలుతురులోకి తిప్పి చూసి నిట్టూర్చింది.

"ఎంత చక్కగా తెగిందే. నాకెందుకు తెగదూ ఇలా?"